తేదీల పనికి ఏ లైబ్రరీ? మోమెంట్ నుంచి టెంపోరల్ దాకా ఏళ్లపాటు వాడాక

మోమెంట్, డే.జేఎస్, డేట్-ఎఫ్ఎన్ఎస్, లక్సన్ అన్నవి జావాస్క్రిప్ట్‌లో తేదీల పని చేసిపెట్టే లైబ్రరీలు, అంటే రెడీమేడ్ కోడ్; టెంపోరల్ ఆ భాషలోకే కొత్తగా వచ్చిన సదుపాయం. ముందే తీర్పు చెప్పేస్తాం. కొత్త వెబ్ అప్లికేషన్ మొదలుపెడుతుంటే తేదీలు చదవడానికి, లెక్కలు వేయడానికి లక్సన్ పెట్టుకోండి. తెలుగులో చూపించే పని బ్రౌజర్‌లోనే ఉన్న ఇంటల్‌కు (తేదీలను ఆయా భాషల్లో రాసిపెట్టే భాగం) అప్పజెప్పండి. సర్వర్ వైపు కోడ్‌ను ఇప్పటి నుంచే టెంపోరల్ మీదికి మార్చుకుంటూ పొండి. డే.జేఎస్ చిన్నది, తేలికైనది; కానీ దాన్ని వాడితే కింద చెప్పబోయే జాగ్రత్తలు తప్పవు. మోమెంట్ ఉన్న పాత ప్రాజెక్టును హడావుడిగా విప్పనక్కర్లేదు గానీ, కొత్తదాంట్లో పెట్టకండి.

హనుమకొండ, వరంగల్, కరీంనగర్ వైపు వెబ్‌సైట్లు కట్టేవాళ్ల చేతికి వచ్చే పనులు తెలిసినవే. ఆస్పత్రి టోకెన్లు, చిట్టీల వాయిదాలు, ఎనుమాముల మార్కెట్ యార్డు తక్‌పట్టీల (సరుకు అమ్మకం చీటీల) లెక్కలు, మేడారం బస్సు సీట్లు, డల్లాస్‌లో ఉన్న కొడుకు ఇక్కడి అమ్మానాన్నలకు తీసుకునే డాక్టర్ అపాయింట్‌మెంట్. ఈ లైబ్రరీలన్నీ ఇలాంటి పనుల్లో ఎలా నిలబడ్డాయో, ఎక్కడ దెబ్బతీశాయో చెప్పడమే ఈ సమీక్ష.

డేట్ లోపల ఉన్నది తేదీ కాదు

ఏ లైబ్రరీ గురించి మాట్లాడాలన్నా ముందు జావాస్క్రిప్ట్ సొంత డేట్ సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే మోమెంట్, డే.జేఎస్, డేట్-ఎఫ్ఎన్ఎస్ మూడూ దాని మీదే నిలబడ్డాయి. 1995లో జావాస్క్రిప్ట్ పుట్టినప్పుడు జావాలోని డేట్ క్లాసును చూసి దీన్ని దింపేశారు. జావావాళ్లు 1997లోనే, 1.1 వెర్షన్‌లో, ఆ క్లాసులోని చాలా మెథడ్లను వాడొద్దని పక్కన పెట్టారు. జావాస్క్రిప్ట్‌లో మాత్రం అవి అలాగే ఉండిపోయాయి. నెలలు సున్నా నుంచి మొదలవుతాయి, జూన్ అంటే 5. గెట్‌డే అడిగితే వారం వస్తుంది, గెట్‌డేట్ అడిగితే తేదీ వస్తుంది. గెట్‌ఇయర్ అడిగితే 2024కు 124 వస్తుంది. ఇవి చిరాకు పెట్టేవే తప్ప ప్రమాదకరమైనవి కావు. ఒకసారి తెలిస్తే చాలు.

ప్రమాదం వేరే చోట ఉంది. డేట్ లోపల దాగి ఉన్నది 1970 జనవరి 1 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్ల సంఖ్య ఒక్కటే. అంటే అది ఒక క్షణం. పుట్టిన తేదీ క్షణం కాదు. చిట్టీ వాయిదా తేదీ క్షణం కాదు. "ప్రతి శనివారం రాత్రి 7:30కి" అన్నది క్షణం అసలే కాదు, అదొక నియమం. ఈ మూడింటినీ ఒకే డబ్బాలో కుక్కడం వల్లే తొంభై శాతం తలనొప్పి అని మా గట్టి నమ్మకం.

మన దేశానికి యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందు. దాంతో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. క్యాలెండర్ విడ్జెట్‌లో జూన్ 15 నొక్కితే చాలా విడ్జెట్లు 2024 జూన్ 15 అర్ధరాత్రి, మన టైమ్‌లో, డేట్ తయారు చేసి ఇస్తాయి. దాన్ని జేసన్‌గా (డేటాను అక్షరాలుగా పంపే పద్ధతి) మార్చి సర్వర్‌కు పంపగానే జావాస్క్రిప్ట్ తనంతట తాను టూఐఎస్ఓస్ట్రింగ్ (తేదీని యూటీసీ లెక్కన అక్షరాలుగా మార్చే ఫంక్షన్) పిలుస్తుంది. వెళ్లేది 2024-06-14, సాయంత్రం 18:30 యూటీసీ. సర్వర్‌లో మొదటి పది అక్షరాలు కత్తిరించి తేదీగా దాచుకుంటే 14 పడుతుంది. ఒక రోజు వెనక్కి పోయింది. ఇలాంటిదే ఇంకొకటి: "ఇవాళ్టి తేదీ" కోసం ఇప్పటి సమయాన్ని టూఐఎస్ఓస్ట్రింగ్ చేసి పది అక్షరాలు తీసుకునే కోడ్. అది పగలంతా సరిగ్గానే పనిచేస్తుంది. రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:29 దాకా నిన్నటి తేదీ చూపిస్తుంది. నైట్ డ్యూటీలో ల్యాబ్ ఎంట్రీలు వేసే చోట తప్ప ఇది ఎవరి కంటా పడదు.

దీనికి తిరగబడిన తప్పు ఇంకా చెడ్డది, ఎందుకంటే మన ఊళ్లో కూర్చుని ఎంత టెస్ట్ చేసినా దొరకదు. న్యూ డేట్‌కు (కొత్త డేట్ తయారు చేసే ఆజ్ఞ) "2024-06-15" అని తేదీ మాత్రమే ఇస్తే స్పెసిఫికేషన్ ప్రకారం దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. అదే తేదీ వెనక టి అక్షరం, 00:00 టైమ్ కలిపి, ఆఫ్‌సెట్ (యూటీసీతో తేడా) లేకుండా ఇస్తే లోకల్ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. మొదటిది వరంగల్‌లో జూన్ 15 ఉదయం 5:30 అవుతుంది, తేదీ సరిగ్గానే కనిపిస్తుంది. దుబాయ్‌లో కూడా 15వ తేదీయే, అక్కడ తెల్లవారుజామున 4 గంటలు. డల్లాస్‌లో తెరిస్తే మాత్రం జూన్ 14 సాయంత్రం 7. అపాయింట్‌మెంట్ తీసుకున్నాయనకు ఒక తేదీ, ఆస్పత్రి కౌంటర్‌లో ఇంకో తేదీ. డేట్-ఎఫ్ఎన్ఎస్‌లోని పార్స్‌ఐఎస్ఓ ఇదే అక్షరాలను లోకల్ అర్ధరాత్రిగా చదువుతుంది, లక్సన్‌లోని ఫ్రమ్‌ఐఎస్ఓ కూడా అంతే. కాబట్టి ఒకే ప్రాజెక్టులో ఒకచోట న్యూ డేట్, ఇంకోచోట లైబ్రరీ వాడితే రెండు వేర్వేరు క్షణాలు పుడతాయి.

తేదీ మాత్రమే ఉన్న సమాచారాన్ని డేటాబేస్ నుంచి స్క్రీన్ దాకా అక్షరాలుగానే, "2024-06-15" లాగానే, మోయండి. ఇక్కడ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి. నోడ్‌లో (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది) పీజీ డ్రైవర్ డేట్ కాలమ్‌ను లోకల్ అర్ధరాత్రి డేట్‌గా మార్చి చేతికిస్తుంది. దాన్ని జేసన్ చేస్తే మళ్లీ 18:30, మళ్లీ ముందురోజు. డ్రైవర్ టైప్స్‌లో 1082 నంబర్ టైప్‌కు పార్సర్‌ను (అక్షరాలను చదివి మార్చే కోడ్) మార్చి, వచ్చిన అక్షరాలను వచ్చినట్టే తిరిగిచ్చేలా ఒక్క లైను రాస్తే ఈ గొడవ పోతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు మైఎస్‌క్యూఎల్2 డ్రైవర్ అయితే కనెక్షన్ సెట్టింగ్‌లో డేట్‌స్ట్రింగ్స్ ట్రూ పెట్టండి. ఫారంలో ఇన్‌పుట్ టైప్ డేట్ పెట్టారంటే దాని వాల్యూ ఎప్పుడూ సంవత్సరం-నెల-రోజు క్రమంలో అక్షరాలుగానే వస్తుంది, దాన్నే తీసుకోండి. వాల్యూఆజ్‌డేట్ ముట్టుకుంటే యూటీసీ అర్ధరాత్రి వస్తుంది. ఆ ఫారం పెట్టె యూజర్‌కు కనిపించే తీరు మాత్రం అతని బ్రౌజర్ భాషను బట్టి మారుతుంది. అమెరికన్ ఇంగ్లిష్ పెట్టుకున్న కంప్యూటర్‌లో నెల ముందు కనిపించడం మీ కోడ్ తప్పు కాదు.

చదవడం: అన్నిటికంటే పెద్ద గండం

తక్‌పట్టీల నుంచి ఎక్సెల్‌లో ఎక్కించిన తేదీలు 5/6/2024, 05-06-2024, 5.6.24 ఇలా రకరకాలుగా వస్తాయి. వీటిని న్యూ డేట్‌కు నేరుగా ఇవ్వడం కంటే పెద్ద పొరపాటు లేదు. క్రోమ్‌లో "15/06/2024" ఇస్తే చెల్లని తేదీ అంటుంది, మంచిదే. "05/06/2024" ఇస్తే మే 6 అని నోరు మెదపకుండా తీసుకుంటుంది. లెక్క వేస్తే తెలుస్తుంది: ప్రతి నెలా 13 నుంచి చివరిదాకా ఉన్న తేదీలు ఆగిపోతాయి, 1 నుంచి 12 వరకు ఉన్నవాటిలో రోజూ నెలా ఒకటే అయిన ఒక్క తేదీ సరిగ్గా పడుతుంది, మిగతా పదకొండూ తారుమారవుతాయి. ఏడాదికి 132 తేదీలు తప్పుగా, ఏ ఎర్రర్ లేకుండా లోపలికి వెళ్తాయి. నెల మొదట్లో అప్‌లోడ్ చేసిన ఫైలు "బాగానే ఎక్కింది" అనిపించడానికి కారణం ఇదే.

డే.జేఎస్ మీద మా మొదటి ఫిర్యాదు ఇక్కడే. ఫార్మాట్ ఇచ్చి చదివించాలంటే కస్టమ్‌పార్స్‌ఫార్మాట్ ప్లగిన్ (అదనపు ముక్క) తగిలించాలి. తగిలించడం మరిచిపోతే ఎర్రర్ రాదు. మీరిచ్చిన ఫార్మాట్‌ను పక్కనపెట్టి, అక్షరాలను నేరుగా న్యూ డేట్‌కు పంపేస్తుంది. కోడ్ చూస్తే రోజు ముందు, నెల తర్వాత అని రాసి ఉంటుంది, జరిగేది మాత్రం అమెరికన్ పద్ధతి. ప్లగిన్ పెట్టినా మూడో ఆర్గ్యుమెంట్‌గా ట్రూ ఇచ్చి స్ట్రిక్ట్ (ఫార్మాట్ అక్షరాలా కుదరాల్సిందే అని) చేయకపోతే 2024 ఫిబ్రవరి 30ని మార్చి 1గా తోసేస్తుంది. స్ట్రిక్ట్ చేస్తే రెండంకెల ఫార్మాట్ ఇచ్చినప్పుడు 5/6/2024ను ఒప్పుకోదు. రెండు ఫార్మాట్లూ జాబితాగా ఇవ్వాలి. ఇంకోటి, డే.జేఎస్‌కు అన్‌డిఫైన్డ్ (అసలు విలువే లేనిది) ఇస్తే ఇప్పటి సమయం వస్తుంది, నల్ (ఖాళీ అని చెప్పినది) ఇస్తే చెల్లని తేదీ వస్తుంది. మోమెంట్‌లోనూ అదే తీరు. సర్వర్ ఏపీఐ నుంచి ఒక ఫీల్డ్ రాకపోతే పేషెంట్ చివరిసారి వచ్చింది ఈ క్షణమే అని స్క్రీన్ మీద పడుతుంది. తేదీ లేకపోవడాన్ని "ఇప్పుడు" అని అనువదించే ఏ లైబ్రరీనైనా కాపలా లేకుండా వాడకూడదు.

లక్సన్ ఈ విషయంలో నిజాయితీగా ఉంటుంది. ఫ్రమ్‌ఫార్మాట్ ఎప్పుడూ స్ట్రిక్టే. రోజుకు చిన్న డీ ఒకటి, నెలకు పెద్ద ఎం ఒకటి, సంవత్సరానికి చిన్న వై నాలుగు పెడితే 5/6/2024, 05/06/2024 రెండింటినీ చదువుతుంది. ఫిబ్రవరి 30 ఇస్తే చెల్లదంటుంది, ఎందుకు చెల్లదో ఇన్‌వాలిడ్‌రీజన్‌లో చెబుతుంది: అంకె హద్దు దాటిందా, అసలు ఫార్మాటే కుదరలేదా అన్నది వేర్వేరుగా తెలుస్తుంది. అప్‌లోడ్ స్క్రీన్‌లో "37వ వరుసలో ఫిబ్రవరి 30 లేదు" అని గుమస్తాకు చూపించగలిగేది దీనివల్లే. ఒక్క లోపం, చెల్లని తేదీని చూసుకోకుండా ఫార్మాట్ చేస్తే "ఇన్‌వాలిడ్ డేట్‌టైమ్" అన్న అక్షరాలే రసీదు మీద అచ్చవుతాయి. సెట్టింగ్స్‌లో త్రోఆన్‌ఇన్‌వాలిడ్ ట్రూ పెట్టి, మొదటి రోజు నుంచే ఎర్రర్ వచ్చేలా చేసుకోండి.

రెండంకెల సంవత్సరం మాత్రం ఎవరి చేతిలోనూ భద్రం కాదు. "65" అని ఇస్తే క్రోమ్ డేట్ 1965 అంటుంది, లక్సన్ 1965 అంటుంది, డే.జేఎస్ 2065 అంటుంది. "55" ఇస్తే క్రోమ్ 1955, మిగతా రెండూ 2055. ఒక్కొక్కరి గీత ఒక్కో చోట ఉంది: క్రోమ్‌లో 49, లక్సన్‌లో 60, డే.జేఎస్‌లో 68. పుట్టిన తేదీకి నాలుగంకెల సంవత్సరం తప్పనిసరి చేయండి, లేదా ఎవరి గీత వాడుతున్నారో కోడ్‌లో రాసి పెట్టుకోండి. లక్సన్‌లో ఆ గీతను సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు.

వాట్సాప్ నుంచి కాపీ చేసి అతికించిన తేదీ పైకి సరిగ్గా కనిపిస్తూ చదవడానికి నిరాకరిస్తే, అందులో కంటికి కనిపించని అక్షరం ఉందో లేదో చూడండి. ట్రిమ్ చేస్తే మామూలు ఖాళీలు, విడదీయరాని ఖాళీలు పోతాయి గానీ వెడల్పు లేని ఖాళీ పోదు. అంకెలు, గీతలు (స్లాష్, హైఫన్), చుక్కలు తప్ప మిగతావన్నీ తీసేశాకే పార్సర్‌కు ఇవ్వడం మేలు.

ఎక్సెల్ నుంచి తేదీకి బదులు 45458 లాంటి అంకె వస్తే కంగారు పడక్కర్లేదు, అది ఎక్సెల్ రోజుల లెక్క. 25569 తీసేస్తే 1970 నుంచి రోజులు వస్తాయి, 86,400తో గుణిస్తే సెకన్లు. 45458 అంటే 2024 జూన్ 15. అలాగే స్క్రీన్ మీద 1970 జనవరి 20 లేదా 21 కనిపిస్తే ఆలోచించకుండా చెప్పొచ్చు: పదంకెల సెకన్లను మిల్లీసెకన్లనుకుని వాడారు, వెయ్యితో గుణించలేదు.

టోకెన్ల తికమక

టోకెన్లంటే ఇక్కడ ఫార్మాట్‌లో రోజు, నెల, సంవత్సరాల చోట పెట్టే అక్షరాలు. మోమెంట్, డే.జేఎస్ ఒక బడి. డేట్-ఎఫ్ఎన్ఎస్, లక్సన్ ఇంకో బడి. మొదటి బడిలో రోజుకు పెద్ద డీ, సంవత్సరానికి పెద్ద వై. రెండో బడిలో రెండూ చిన్నవి. పెద్ద ఎం నెల, చిన్న ఎం నిమిషం అన్నది మాత్రం రెండింటికీ ఒకటే, అక్కడే వేళ్లు జారి జూన్ 15 కాస్తా "15/30" అవుతుంది. పాత కోడ్‌లోని పెద్దక్షరాల ఫార్మాట్‌ను లక్సన్‌లోకి ఉన్నది ఉన్నట్టు దింపితే వచ్చేది చూడండి: పెద్ద డీ రెండు అంటే లక్సన్‌కు పూర్తి తేదీ, పెద్ద వై అంటే దానికి అర్థమే లేదు. అమెరికన్ ఇంగ్లిష్‌లో "జూన్ 15, 2024/06/" తర్వాత నాలుగు వైలు అలాగే అచ్చవుతాయి. వికారంగా ఉన్నా వెంటనే దొరుకుతుంది, అందుకే ఇది మంచి తప్పు. డేట్-ఎఫ్ఎన్ఎస్ ఇంకా మేలు, పెద్ద వై పెడితే నేరుగా ఎర్రర్ వేసి కారణం చెబుతుంది.

ఆ ఎర్రర్ వెనక గట్టి కారణం ఉంది. జావాలో, డేట్-ఎఫ్ఎన్ఎస్‌లో పెద్ద వై అంటే వారాల లెక్కన సంవత్సరం, అంటే ఆ వారం ఏ ఏడాదికి చెందితే అది. సర్వర్ జావాలో ఉండి ఎవరో పెద్ద వై నాలుగు పెట్టి ఉంటే ఏడాదంతా సరిగ్గా పనిచేసి, 2024 డిసెంబర్ 30న వేసిన రసీదు మీద 2025 పడుతుంది. జనవరి రెండో వారానికల్లా తప్పు తనంతట తానే మాయమవుతుంది. ఇన్‌వాయిస్ నంబర్‌లో సంవత్సరం ఉన్న ప్రతి చోటా ఈ ఒక్క అక్షరం వెతికి చూడండి.

వాయిదాల లెక్క

జనవరి 31న మొదలైన చిట్టీకి నెల కలపాలి. సొంత డేట్‌లో సెట్‌మంత్ చేస్తే 2024లో మార్చి 2 వస్తుంది, 2023లో అయితే మార్చి 3. లైబ్రరీలన్నీ ఫిబ్రవరి 29 లేదా 28కి కుదిస్తాయి, మనకు కావలసిందీ అదే. కానీ వచ్చిన ఫిబ్రవరి 29కి మళ్లీ నెల కలిపితే మార్చి 29 వస్తుంది, అక్కడి నుంచి వాయిదా 31కి తిరిగి వెళ్లదు. ఎప్పుడూ మొదటి తేదీకే ఒకటి, రెండు, మూడు నెలలు కలుపుతూ పోవాలి, ముందటి వాయిదాకు కాదు.

మోమెంట్‌లో ఇంకో ప్రమాదం, యాడ్ చేస్తే మొదటి వస్తువే మారిపోతుంది. మొదలు తేదీకి నెల కలిపి చివరి తేదీ అని పేరు పెడితే రెండు పేర్లూ ఒకే తేదీని చూపిస్తాయి. ఆ ప్రాజెక్టును నడిపేవాళ్లే 2020 సెప్టెంబర్‌లో, ఇది ఇక మెయింటెనెన్స్‌లో మాత్రమే ఉంటుంది, కొత్త పనులకు వాడొద్దు అని ప్రకటించారు. పాత కోడ్‌లో దాన్ని ఉంచుకున్నవాళ్లు క్లోన్ (నకలు) చేసి కలపడం అలవాటు చేసుకుంటే చాలు.

మేడారం జాతర 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. "24 వరకు" అని బుకింగ్‌లు తీయాలంటే చివరి తేదీని 24 మొదలయ్యే అర్ధరాత్రిగా పెట్టి చిన్నది లేదా సమానం అంటే 24వ తేదీ మొత్తం జారిపోతుంది. 23:59:59 పెట్టి అతుకు వేయకండి. మన టైమ్‌లో 25 మొదలయ్యే అర్ధరాత్రి కంటే ముందు అని అడగండి, అంటే యూటీసీలో 24న 18:30 కంటే ముందు.

తెలుగులో చూపించడం

లైబ్రరీల తెలుగు ఫైళ్ల మీద మాకు గట్టి అభ్యంతరం ఉంది. మోమెంట్ తెలుగు ఫైలులో పదింటి లోపు ఉదయం, పది నుంచి అయిదు దాకా మధ్యాహ్నం అని హద్దులు గీశారు. ఉదయం పదిన్నర అపాయింట్‌మెంట్ "మధ్యాహ్నం 10:30" అని అచ్చవుతుంది. మన దగ్గర ఎవరూ అలా అనరు, అది చదివిన ముసలాయన ఎప్పుడు రావాలో ఫోన్ చేసి అడుగుతాడు. ఇక "3 రోజులు క్రితం", "3 రోజులు లో" అన్నవి మోమెంట్, డే.జేఎస్ రెండింటిలోనూ వస్తాయి, ఎందుకంటే అంకె పక్కన ఒకే మాట పెట్టి దానికి తోక తగిలించే పద్ధతి వాళ్లది. తెలుగులో తోక తగిలితే మాట మారుతుందన్న సంగతి ఆ డిజైన్‌లోనే లేదు.

ఇంటల్‌లోని రిలేటివ్‌టైమ్‌ఫార్మాట్ "3 రోజుల క్రితం", "3 రోజుల్లో" అని సరిగ్గా ఇస్తుంది. న్యూమరిక్ ఆటో పెడితే నిన్న, రేపు మాత్రమే కాదు, మొన్న, ఎల్లుండి కూడా పలుకుతుంది. లక్సన్‌లోని టూరిలేటివ్ వెనక ఉన్నదీ ఇదే, అందుకే దానికి వేరే తెలుగు ఫైలు అక్కర్లేదు. తేదీకి డేట్‌టైమ్‌ఫార్మాట్, తెలుగు-ఇండియా లొకేల్ ఇస్తే లాంగ్ స్టైల్‌లో "15 జూన్, 2024", ఫుల్ స్టైల్‌లో "15, జూన్ 2024, శనివారం" వస్తాయి. చెవికి అంత ఇంపుగా ఉండవు. పెళ్లి పత్రికలా, పేపర్‌లో వార్తలా "2024 జూన్ 15న" అని కావాలంటే ఫార్మాట్‌టుపార్ట్స్ పిలిచి ముక్కలు తీసుకుని మీ వరుసలో పేర్చి "న" కలుపుకోండి. నెల పేరు, వారం పేరు దాని దగ్గర తీసుకోండి, వాక్యం మీరు కట్టండి.

పూట పేర్లకు కూడా సొంత ఫంక్షనే మంచిది. మేం వాడే హద్దులు ఇవి: 3 నుంచి 6 తెల్లవారుజాము, 12 దాకా ఉదయం, 4 దాకా మధ్యాహ్నం, 7 దాకా సాయంత్రం, ఆ తర్వాత రాత్రి. అర్ధరాత్రి దాటాక బయల్దేరే బస్సుకు, కాజీపేటలో ఆగే రైలుకు ఇంకొంచెం శ్రద్ధ కావాలి. "జూన్ 15, రాత్రి 12:10" అని రాస్తే సగం మంది ఒక రోజు ఆలస్యంగా స్టేషన్‌కు వస్తారు. "శుక్రవారం రాత్రి 12:10, తెల్లవారితే శనివారం, జూన్ 15" అని రాయండి. ఏ లైబ్రరీ ఇది ఇవ్వదు. గంట 0 నుంచి 3 లోపు ఉంటే ముందురోజు వారం పేరు కూడా తెచ్చే నాలుగు లైన్ల కోడ్ అది.

రైల్వే టైమ్ కావాలని అవర్12 ఫాల్స్ పెడితే అమెరికన్ ఇంగ్లిష్‌లో క్రోమ్ అర్ధరాత్రి దాటిన పది నిమిషాలను "24:10" అని చూపిస్తుంది. అవర్‌సైకిల్‌కు హెచ్23 అని ఇవ్వండి, "00:10" వస్తుంది. ఇంటల్ ఇచ్చిన అక్షరాలను మళ్లీ పార్స్ చేయడం గానీ, టెస్టుల్లో అక్షరం అక్షరం పోల్చడం గానీ చేయకండి. ఐసీయూ (ఇంటల్ వెనక ఉండే భాషల లైబ్రరీ) 72 వచ్చినప్పుడు ఇంగ్లిష్‌లో టైమ్‌కూ ఏఎంకూ మధ్య ఉన్న మామూలు ఖాళీ సన్నటి విడదీయరాని ఖాళీగా మారి, కంటికి ఏ తేడా లేకుండా బోలెడు కోడ్ ఆగిపోయింది. నోడ్ 13 కంటే పాత సర్వర్ ఇంకా నడుపుతుంటే అందులో మామూలుగా ఇంగ్లిష్ ఒక్కటే ఉంటుంది, తెలుగు అడిగినా ఇంగ్లిషే వస్తుంది.

వేగం సంగతి ఒక్క మాట. డేట్‌టైమ్‌ఫార్మాట్ తయారీ ఖరీదైనది, వాడకం చవక. వేల వరుసల టేబుల్‌లో ప్రతి గడికీ టూలోకేల్‌స్ట్రింగ్ పిలిచే బదులు ఒకే ఫార్మాటర్ చేసి బయట పెట్టుకోండి. డే.జేఎస్ టైమ్‌జోన్ ప్లగిన్ పెద్ద జాబితాల్లో నత్తనడక నడవడానికి కారణం అది ప్రతిసారీ ఇంటల్ తలుపు తట్టడమే.

టైమ్‌జోన్లు

కోడ్‌లో ఎక్కడైనా 330 నిమిషాలు లేదా 19,800 సెకన్లు చేత్తో కలిపి ఉంటే తీసేయండి. మన దగ్గర ఇప్పుడు వేసవి టైమ్ (వేసవిలో గడియారం గంట ముందుకు జరపడం) లేదు కదా అంటారు. కానీ 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా, యుద్ధకాలంలో, గడియారం ఇంకో గంట ముందుకు, ఆరున్నరకు జరిపారు. 1944 ఆగస్టు 10న పుట్టిన పెద్దాయన తేదీని లోకల్ అర్ధరాత్రిగా చదివితే యూటీసీలో ముందురోజు 17:30 అవుతుంది. దానికి చేత్తో అయిదున్నర కలిపితే ఆగస్టు 9 రాత్రి 11. వయసు పైబడినవాళ్ల రికార్డుల్లో మాత్రమే ఒక రోజు తగ్గే ఈ తప్పుకు కారణం దొరక్క జుట్టు పీక్కునేవాళ్లున్నారు.

ఐఎస్‌టీ అన్న పొట్టి పేరు డేటాబేస్‌కు ఇవ్వకండి. పోస్ట్‌గ్రెస్ మామూలు సెట్టింగ్‌లో ఆ మూడక్షరాలు ఇజ్రాయెల్ టైమ్, యూటీసీకి రెండు గంటలు. ఏషియా/కోల్‌కతా అని పూర్తి పేరే వాడండి. బ్రౌజర్‌ను టైమ్‌జోన్ అడిగితే క్రోమ్ ఏషియా/కలకత్తా అని పాత పేరు చెబుతుంది, ఫైర్‌ఫాక్స్ కొత్తది చెబుతుంది. పేర్లను అక్షరాలా పోల్చి "యూజర్ ఇండియాలో ఉన్నాడా" అని తేల్చే కోడ్ సగం మందికి తప్పుతుంది. ల్యాప్‌టాప్ మన టైమ్‌లో, క్లౌడ్ సర్వర్ యూటీసీలో ఉంటాయి కాబట్టి సర్వర్‌లో తయారైన పేజీలో ఒక టైమ్, బ్రౌజర్‌లో ఇంకో టైమ్ మెరిసి మారడం చూసే ఉంటారు. ఫార్మాటర్‌కు టైమ్‌జోన్ ఎప్పుడూ పేరు పెట్టి ఇస్తే అది ఆగుతుంది.

అమెరికాతో పని ఉంటే వేసవి టైమ్ లెక్కలోకి వస్తుంది. మన రాత్రి 7:30 డల్లాస్‌లో వేసవిలో ఉదయం 9, చలికాలంలో ఉదయం 8. ప్రతి శనివారం జరిగే క్లాసును యూటీసీలో దాచితే ఎవరి గడియారం కదలకూడదో తెలియకుండా పోతుంది. ముందు ముందు జరగబోయేవాటికి గోడ గడియారం టైమ్, టైమ్‌జోన్ పేరు రెండూ దాచండి. జరిగిపోయినవాటికి యూటీసీ చాలు. ఇంకో కిటుకు: 2024 మార్చి 10న డల్లాస్‌లో తెల్లవారుజామున 2:30 అన్న సమయమే లేదు. లక్సన్ దాన్ని చెప్పాపెట్టకుండా 3:30కి జరుపుతుంది. ఇది లక్సన్‌లో మాకు నచ్చని రెండో విషయం. మొదటిది, తేదీ మాత్రమే పట్టుకునే రకం అందులో లేకపోవడం. టూఐఎస్ఓడేట్ పిలిచి అక్షరాలుగా మార్చుకుంటే మన తేదీయే వస్తుంది గానీ, ఆ క్రమశిక్షణ టీమ్‌లో ప్రతి ఒక్కరికీ ఉండాలి.

టెంపోరల్

అందుకే టెంపోరల్ మీద అంత ఆశ. ఇందులో క్షణానికి ఇన్‌స్టంట్, ఒట్టి తేదీకి ప్లెయిన్‌డేట్, ఒట్టి గంటకు ప్లెయిన్‌టైమ్, టైమ్‌జోన్‌తో కలిపి జోన్డ్‌డేట్‌టైమ్ అని వేర్వేరు రకాలున్నాయి. ప్లెయిన్‌డేట్‌ను జేసన్ చేస్తే "2024-06-15" అనే వెళ్తుంది, ఏ దేశంలో చేసినా. నెలలు 1 నుంచి మొదలు. ఏదీ ఉన్నచోట మారదు. "2024-02-30" అని అక్షరాలిస్తే ఎర్రర్ వేస్తుంది. కానీ రోజు, నెల, సంవత్సరం విడివిడిగా ఆబ్జెక్ట్‌లో ఇస్తే మాత్రం ఫిబ్రవరి 29కి కుదించేస్తుంది; ఓవర్‌ఫ్లో రిజెక్ట్ అని చెప్పాలి. డల్లాస్ 2:30 లాంటి లేని సమయానికి డిస్‌యాంబిగ్యుయేషన్ రిజెక్ట్ పెడితే ఆపి చెబుతుంది. టైమ్‌జోన్ పేరును చదరపు బ్రాకెట్లలో తేదీ వెనక రాసే పద్ధతికి 2024లో ఆర్ఎఫ్‌సీ 9557 అనే ఇంటర్నెట్ ప్రమాణం కూడా వచ్చింది, కాబట్టి గోడ టైమ్, జోన్ రెండూ ఒకే అక్షరాల వరుసలో దాచుకోవచ్చు.

మన రోజు/నెల/సంవత్సరం పద్ధతిని చదివే పార్సర్ మాత్రం టెంపోరల్‌లో లేదు, ఫార్మాట్ టోకెన్లూ లేవు. ఐఎస్ఓ (సంవత్సరం-నెల-రోజు) అక్షరాలే చదువుతుంది. తక్‌పట్టీ తేదీని గీతల దగ్గర విరిచి మూడు అంకెలుగా ఇవ్వడం మన పని. చూపించడానికి టూలోకేల్‌స్ట్రింగ్, అంటే మళ్లీ ఇంటలే. టెంపోరల్ ఫైర్‌ఫాక్స్‌లో 139వ వెర్షన్‌తో 2025 మేలో వచ్చింది, క్రోమ్‌లో 144తో వచ్చింది. ఊళ్లలో పాత ఆండ్రాయిడ్ ఫోన్లు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి బ్రౌజర్ వైపు పాలీఫిల్ (లేని సదుపాయాన్ని సమకూర్చే అదనపు కోడ్) తప్పదు, దాని బరువు తక్కువేమీ కాదు. సర్వర్ వైపు ఆ బెంగ లేదు, అందుకే మార్పు అక్కడ మొదలుపెట్టమన్నది.

ఏ లైబ్రరీ పెట్టుకున్నా టెస్టులను టీజెడ్ (టైమ్‌జోన్) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చి మూడుసార్లు నడపండి: ఏషియా/కోల్‌కతా, అమెరికా/షికాగో, యూటీసీ. డల్లాస్ టైమ్‌కు జోన్ పేరు షికాగోయే. తేదీల్లో జనవరి 31, ఫిబ్రవరి 29, 2024 డిసెంబర్ 30, 1944 ఆగస్టు 10, రాత్రి 12:10, తెల్లవారుజామున 5:29 ఉండాలి. కోల్‌కతాలో మాత్రమే ఆకుపచ్చ (పాస్) వచ్చి షికాగోలో ఎర్రబడితే (ఫెయిల్), ఎక్కడో తేదీని మాత్రమే న్యూ డేట్‌కు ఇచ్చారు. షికాగోలో ఆకుపచ్చ, కోల్‌కతాలో ఎర్ర అయితే టూఐఎస్ఓస్ట్రింగ్ వెనక పది అక్షరాలు కత్తిరించే లైను కోసం వెతకండి.